పుల్లీ మీద గీత

టైమింగ్ లైటు వెలుగులో, ఇంజను ముందు చివర తిరిగే పుల్లీ మీది తెల్ల గీత సరిగ్గా 17 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది. పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్గు నిప్పు వేస్తోందో చెప్పే లెక్క అది. మాన్యువల్‌లో ఉన్నదీ అదే. కార్బురేటర్లు రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయి. ఆరు ప్లగ్గులూ కొత్తవే. ఆ ఇంజనులో నేను కొలవకుండా బిగించిన భాగం లేదు. అయినా మూడో గేరులో చిన్న ఎత్తు ఎక్కాలన్నా కారు మొరాయిస్తోంది. పది నిమిషాలు నడిపేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మసక ఎరుపుగా కనిపిస్తోంది.

మా బావ పక్కన నిలబడి, "కొత్తగా వచ్చిన ఆ 29 సీసీ ఎటు పోయిందిరా?" అన్నాడు.

ముందు ఆ 29 సీసీ సంగతి చెప్పాలి.

కారు 1971 మోడల్ డాట్సన్ 240జెడ్. అందులో ఉన్నది నిస్సాన్ వాళ్ల ఎల్24, ఒకే వరసలో ఆరు సిలిండర్లు. అదే కంపెనీ 510 కారులో వాడిన నాలుగు సిలిండర్ల ఎల్16కి తోబుట్టువు. రెండింటికీ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 83 మిల్లీమీటర్లు; స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 73.7. నాలుగు సిలిండర్లైతే 1,595 సీసీ, ఇంకో రెండు చేరిస్తే 2,393 సీసీ. కాగితం మీద అంతే తేడా. చేతికి మసి అంటుకున్నాక తెలిసింది, ఆ రెండు సిలిండర్ల పొడవు ఎన్ని రకాలుగా ఏడిపిస్తుందో.

నిజానికి నేను ఇంజను విప్పుదామని మొదలుపెట్టలేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోంది, కాబట్టి హెడ్ గ్యాస్కెట్ మార్చేస్తే సరిపోతుందనుకున్నాను. శని, ఆదివారాల పని. ఈ ఇంజనులో వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే ఉంటుంది, దాన్ని తిప్పేది కింద క్రాంక్ నుంచి, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు నుంచి, వచ్చే పొడుగాటి చైను. హెడ్ తీసే ముందు ఆ చైను రెండు పాయల మధ్య ఒక చెక్క మేకు దిగ్గొట్టాలి. జానెడు పొడవు, కిందికి పోనుపోను సన్నం. అది చైనుని బిగుతుగా ఉంచే టెన్షనర్‌ని వెనక్కి నొక్కిపెట్టి ఉంచుతుంది. నేను చదివాను. చదివి కూడా, "స్ప్రాకెట్‌ని చేత్తో పైకి పట్టుకుంటే చాలదా" అనుకున్నాను.

లోపల "టక్" మంది. చిన్న శబ్దమే. టెన్షనర్ పిస్టన్ దాని గూట్లోంచి బయటికి దూకింది.

దాన్ని మళ్లీ లోపలికి తోయాలంటే చైను ముందున్న కవర్ తీయాలి. కవర్ కింది అంచు సంపుకి, అంటే అడుగున ఉండే ఆయిల్ తొట్టికి, బిగించి ఉంటుంది. ఆ సంపు కింద అడ్డంగా కారు దూలం, క్రాస్‌మెంబర్. అంటే ఇంజను పైకి లేవాలి. ఎలాగూ లేపుతున్నాం కదా అని బయటికే తీశాం. తీశాం కదా అని సంపు విప్పాం. విప్పాం కదా అని బోర్లు కొలిచాం. రెండు నిమిషాల్లో చెక్కుకోవాల్సిన కర్రముక్క చెక్కలేదని ఆరు నెలల పని నెత్తిన వేసుకున్నాను. ఇప్పుడు అలాంటి మేకు ఒకటి చెక్కి టూల్‌బాక్స్ మూతకి దారంతో కట్టుకున్నాను, అది వేరే సంగతి.

హెడ్ అల్యూమినియం, బ్లాకు ఇనుము. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. పొట్టి హెడ్‌కి ఇది పెద్ద విషయం కాదు. ఆరు సిలిండర్ల పొడవున్న హెడ్ ఒక్కసారి వేడెక్కిపోతే అరటి దొప్పలా వంగుతుంది. స్టీలు బద్దను ఆ చివర నుంచి ఈ చివరకి నిలువుగా ఆనించి కింద ఫీలర్ గేజ్ దూరుస్తూ పోయాను. రెండు చివర్లలో బిగుతుగా ఉంది. మూడు, నాలుగు సిలిండర్ల మధ్య మాత్రం 0.15 ఆకు కూడా జారుతూ దూరింది. దాన్ని చదును చేయించాను. చదును చేస్తే హెడ్ ఎత్తు తగ్గుతుంది, చైను ఆ మేరకు వదులై క్యామ్ కాస్త వెనకబడుతుంది. దీనికి ఒక ఏర్పాటు ముందే ఉంది. క్యామ్ స్ప్రాకెట్‌లో పిన్ను దూరే రంధ్రాలు మూడున్నాయి, ఒక్కోటి కొద్ది డిగ్రీల తేడాతో. చైను సాగినా, హెడ్ పలచబడినా రెండో రంధ్రానికి మారితే చాలు. ఇలాంటిది చూసినప్పుడు, దాన్ని గీసిన మనిషికి రాబోయే తరాల మెకానిక్కులు గుర్తున్నారనిపిస్తుంది.

బోర్లలో ఆరోది బాగా అరిగింది. పైన రింగు ఆగే చోట గోరు పెడితే తట్టుకునేంత గట్టు పడింది. మొత్తం అరమిల్లీమీటరు రీబోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు తెప్పించాను. 83 కాస్తా 83.5 అయింది. లెక్క కట్టాను: 2,421 సీసీ.

"అంటే ఎంత పెరిగింది?" అన్నాడు బావ. ఆయన లేత్ మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, లెక్క నాకంటే ముందే వేసేసుంటాడు.

"29 దాకా, బావా."

"ఒక్కో సిలిండర్‌కి అయిదు. టీస్పూనుడు." ఆ తరవాత ఆరు నెలలూ ఆ టీస్పూను నన్ను వదల్లేదు.

షాపు నుంచి వచ్చిన బ్లాకు చూడ్డానికి మిలమిలలాడుతోంది. కడిగే ఇచ్చామన్నారు. బావ జేబులోంచి తెల్లగుడ్డ తీసి, నూనెలో ముంచి, మొదటి బోరులో ఒక్కసారి తిప్పి నా ముందు పరిచాడు. బూడిద రంగు. హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి అది. ఆ సన్నటి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరసనాయిలుతో తుడిస్తే పోదు, ఇంకా లోపలికి సర్దుకుంటుంది. దాన్ని పైకి లేపేది వేడినీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షు. ఆయిల్ దారుల చివర బిరడాలు తీసి, పొడుగాటి సన్న బ్రష్షులతో ఒక్కో కన్నం తోమాం. మెయిన్ ఆయిల్ గ్యాలరీ బ్లాకు పొడవునా పోతుంది. ఆ చివర బ్రష్షు దూర్చి ఈ చివర వెలుగు చూడాలి. నాలుగోసారి కడిగాక గుడ్డ తెల్లగా వచ్చింది. అప్పుడు పరుగే పరుగు. కడిగిన ఇనుము కళ్లముందే తుప్పు పడుతుంది. నేను గాలి కొడుతుంటే వెనకే బావ నూనె పూసుకుంటూ వచ్చాడు. ఈ ఒక్క పని మానేసుంటే కొత్త రింగులు ఎన్నాళ్లుండేవో ఆలోచించడం కూడా నాకిష్టం లేదు.

క్రాంక్ మాత్రం ముద్దొచ్చేలా ఉంది. ఏడు మెయిన్ బేరింగులు, అంటే ప్రతి సిలిండర్‌కీ అటూ ఇటూ ఒక ఆసరా. మధ్య క్యాపు, చివరి క్యాపు బ్లాకులో ఎంత గట్టిగా కూర్చుంటాయంటే వాటికి బోల్టు బిగించి సుత్తి బరువుతో వెనక్కి లాగాలి. మైక్రోమీటర్‌తో, బేరింగుల్లో తిరిగే ప్రతి జర్నల్‌నీ రెండు వైపులా కొలిచాను. పాలిష్ చాలు, గ్రైండింగ్ అక్కర్లేదు. కొత్త బేరింగులేసి, సందు కొలిచే ప్లాస్టిగేజ్ పోగు నలిపి చూస్తే 0.04 మిల్లీమీటర్ల సందు. ఏడు క్యాపులూ టార్క్ చేసి, నూనె రాసి, ఒక్క వేలితో నెట్టాను. అంత బరువూ మెల్లగా తిరిగి, ఒక చుట్టు పూర్తయ్యాక కానీ ఆగలేదు. ఆ రోజు నేను వేరే పనేం చేయలేదు. దాన్ని తిప్పుకుంటూ కూర్చున్నాను.

తిప్పుతూ చూస్తే ఈ అమరిక ఎందుకంత సాఫీగా నడుస్తుందో కంటికే అర్థమవుతుంది. ఒకటీ ఆరూ కలిసి పైకొస్తాయి, రెండూ అయిదూ కలిసి, మూడూ నాలుగూ కలిసి. ముందు సగానికి వెనక సగం అద్దంలో ప్రతిబింబం. ఒక చివర ఊపితే రెండో చివర దాన్ని రద్దు చేస్తుంది. ప్రతి 120 డిగ్రీలకీ ఒక దెబ్బ, 1-5-3-6-2-4 వరసలో. ఇక బ్యాలెన్స్ షాఫ్టులతో పనే లేదు.

కానీ ఆ ఊపు రద్దయినా మెలి రద్దు కాదు. ఒక్కో దెబ్బకీ క్రాంక్ తడిబట్ట పిండినట్టు రవ్వంత మెలి తిరిగి, మళ్లీ విడుతుంది. వెనక చివర బరువైన ఫ్లైవీల్ పట్టుకుని ఉంటుంది కాబట్టి వణుకంతా ముందు చివర తేలుతుంది. క్రాంక్ ఎంత పొడవైతే అంత మెలి. అందుకే ముందున్న పుల్లీ ఒట్టి పుల్లీ కాదు, డ్యాంపర్. లోపల ఒక ఇనుప బిళ్ల, చుట్టూ రబ్బరు పట్టీ, దాని మీద బయటి రింగు. వణుకుని రబ్బరు మింగుతుంది. బెల్టు తిరిగేది ఆ బయటి రింగు మీదే. టైమింగ్ గీత ఉండేదీ దాని మీదే.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఏం చేశానో కాసేపట్లో చెప్తాను.

పిస్టన్లు ఎక్కించడం తొందరగానే అయిపోయింది. రింగుల సందు అంగుళం బోరుకి నాలుగు వెయ్యో వంతుల లెక్కన 0.33 దగ్గర పెట్టుకున్నాను. ఒక్కో పిస్టన్ దిగాక క్రాంక్ తిప్పి చూసుకుంటూ పోతే ఏది పట్టేస్తుందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఏదీ పట్టలేదు. హెడ్ బోల్టులు 14, మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో. వాల్వుల సందు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కి 0.20, ఎగ్జాస్ట్‌కి 0.25.

చెమటలు పట్టించింది ఆయిల్ పంపు. ఈ ఇంజనులో ఒకే సన్నటి షాఫ్టు కింద పంపుని, పైన ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని కలిపి తిప్పుతుంది. మొదటి సిలిండర్ పైకొచ్చినప్పుడు, డిస్ట్రిబ్యూటర్ గూట్లోకి పైనుంచి చూస్తే ఆ షాఫ్టు నాలిక గడియారంలో 11:25 చూపించాలి. నాలిక మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. సన్నటి వైపు ముందుకి రావాలి. పళ్లు వాలుగా ఉండటంతో షాఫ్టు ఎక్కుతూ ఎక్కుతూ తిరిగిపోతుంది. 11:25కి పట్టుకుని తోస్తే 12 దాటి ఆగుతుంది. అది తిరిగేంత మేర ముందే వెనక్కి పట్టుకుని తోయాలి. కింద నేను వెల్లకిలా పడుకుని తోస్తున్నా, పైనుంచి బావ టార్చి వేసి చూసి టైము చెప్తున్నాడు. "పన్నెండుంపావు." దించు. "పదిన్నర." దించు. తొమ్మిదోసారికి "పదకొండూ పాతిక. కదలకు, ఊపిరి కూడా తీయకు" అన్నాడు.

ఇక ఆ గీత. పుల్లీ పాతదే. తుప్పు గోకి, నిగనిగలాడే నల్ల రంగు రెండు పూతలు వేసి, గీతలో తెల్ల రంగు నింపాను. ఫొటోలు కూడా తీసుకున్నాను. చైను మెరుపు లింకులు గుర్తులకి సరిపోయాక, అంటే మొదటి పిస్టన్ ఖచ్చితంగా పైన ఉన్నప్పుడు, పుల్లీ ఎక్కించి చూస్తే గీత, పక్కనున్న సూచిక మీది సున్నాకి ఒక వేలి మందం దూరంలో ఆగింది. బోల్టు బిగిస్తున్నప్పుడు క్రాంక్ కదిలుంటుందిలే అనుకున్నాను. గీతను సున్నా దగ్గరికి తెచ్చి, దాన్నే ఆధారం చేసుకుని మిగతాదంతా బిగించాను.

ఇంజను కారులోకి దించడం ఒక పూట పని, ఆ పూటంతా టెన్షనే. గేర్‌బాక్స్‌తో కలిపి రెండు వందల కిలోలు దాటిన బరువు, దాదాపు మనిషంత పొడవు. బానెట్, రేడియేటర్, కార్బురేటర్లు అన్నీ పక్కన పెట్టి, దాన్ని హాయిస్ట్ మీద 45 డిగ్రీలు వంచి, ముందు గేర్‌బాక్స్ తోకను టన్నెల్‌లోకి పంపాలి. తోక కిందికి వంగగానే దాని వెనక నోట్లోంచి గేరు నూనె ధారగా బావ చెప్పుల మీద పడింది. డ్రైవ్ షాఫ్టు తీసేశాక ఆ నోరు తెరిచే ఉంటుంది. ప్లాస్టిక్ సంచి కట్టి రబ్బరు బ్యాండు వేసి ఉండాల్సింది. "ఇది కూడా చదివావా?" అన్నాడు బావ. చదివాను. అంగుళం దించడం, తోక కింద జాకీ జరపడం, సంపు క్రాస్‌మెంబర్‌కి తగలకుండా చేత్తో నెట్టడం, మళ్లీ అంగుళం. చివరికి మౌంట్ల కన్నాలు ఎదురెదురుగా వచ్చి బోల్టు చేత్తోనే దూరినప్పుడు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ప్లగ్గులు తీసి సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాక, ప్లగ్గులేసి మళ్లీ కొట్టాం. మూడో ప్రయత్నానికి అంటుకుంది. పొగ, పెయింటు వాసన, ఆరు సిలిండర్ల ఆ మెత్తటి చప్పుడు. పది నిమిషాలు స్వర్గం. ఆ తరవాత నేను మొదట్లో చెప్పిన బద్ధకం.

మూడు వారాలు కార్బురేటర్ల చుట్టూ తిరిగాను. నీడిల్స్, ఫ్లోట్లు, జెట్లు. కారు ముక్కు ఎత్తుగా నిలిపి నీళ్లలో గాలి తీశాను. థర్మోస్టాట్ గిన్నెలో ఉడికించి చూశాను. కంప్రెషన్ కొలిస్తే ఆరూ అన్నదమ్ముల్లా ఒకే చోట ఉన్నాయి. టైమింగ్ మాత్రం అనుమానించలేదు. గీత 17 దగ్గర ఉంది కదా!

చివరికి అడిగింది బావే. "ఆ గీత నిజమని నీకెవరు చెప్పారు?"

పాత ప్లగ్గు ఒకటి పగలగొట్టి, పింగాణీ తీసేసి, అందులో గుండ్రటి మొన ఉన్న బోల్టు బిగించాడు. ఆరు ప్లగ్గులూ తీసి, దీన్ని మొదటి సిలిండర్‌లో పెట్టాం. క్రాంక్‌ని పానాతో మెల్లగా తిప్పితే పిస్టన్ వచ్చి బోల్టుకి ఆనింది. సూచిక ఎదురుగా పుల్లీ మీద చాక్‌పీస్‌తో ఒక గుర్తు. వెనక్కి తిప్పితే అటువైపు నుంచి వచ్చి మళ్లీ ఆనింది. ఇంకో గుర్తు. రెంటికీ సరిగ్గా మధ్యన ఉన్నదే పిస్టన్ అసలు పైకొచ్చే చోటు. టేపు పెట్టి మధ్య గీశాను. నా తెల్ల గీత దానికి 12 డిగ్రీలు వెనకబడి ఉంది. అదే వేలి మందం.

రబ్బరు పట్టు వదిలేసింది. బెల్టు లాగుడికి బయటి రింగు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వెనక్కి జారిపోయింది. నేను 17 అనుకున్నది నిజానికి 5. నిప్పు ఆలస్యంగా పడుతోంది, మంట సిలిండర్‌లో చేయాల్సిన పని సగం చేసి మిగతాది మానిఫోల్డ్‌లో పూర్తి చేస్తోంది. పికప్ లేకపోవడం, వేడి, ఎర్రటి మానిఫోల్డ్, అన్నిటికీ జవాబు అదే. పుల్లీ విప్పి చాకు మొనతో రంగు గోకాను. కింద రబ్బరు చుట్టూ బీటలు, ఒకచోట పక్కకి ఉబికి కూడా వచ్చింది. రంగు వేయకుండా ఉంటే మొదటి రోజే కనిపించేది. ఆ ఫొటోలు ఇప్పటికీ ఫోనులో ఉన్నాయి, వాటిలో పుల్లీ అద్దంలా మెరుస్తోంది.

గీత తప్పైతే కొత్త గీత గీసుకుని నడపొచ్చు కదా అన్నాను. బావ నన్ను అదోలా చూశాడు. పట్టు వదిలిన రబ్బరు వణుకుని మింగదు. అది క్రాంక్‌లోనే ఉండిపోతుంది. రింగు ఊడిందా, తిన్నగా రేడియేటర్‌లోకే. కొత్త డ్యాంపర్ తెప్పించాం. ఎక్కించగానే, ఇంకో పని ముట్టుకోకముందే, బావ చేసిన ఆ ప్లగ్గు బోల్టుతో దాని గీతను కూడా పరీక్షించాను. సున్నా సున్నాగానే ఉంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పి 17 పెట్టాను. చెవికే తేడా తెలిసింది. ఐడిల్ దానంతట అదే పైకి లేచింది, స్క్రూ తిప్పి దించాల్సొచ్చింది.

బావని ఎక్కించుకుని బయల్దేరాను. ఎత్తు రోడ్డు, మూడో గేరు, 2,500 దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే సీటు వీపుని నెట్టింది. టెంపరేచర్ ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు ఉంది. ఏమంటాడా అని పక్కకి చూస్తే, తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగాక ఉలిక్కిపడి లేచాడు.

"ఆగిపోయిందా?"

"లేదు బావా, నడుస్తోంది."

వంగి ఆర్‌పీఎం మీటర్ చూశాడు. 750. మళ్లీ తల ఆనించాడు.

ఇప్పటికి 800 కిలోమీటర్లయ్యాయి. మొదటి ఆయిల్ మార్చాను, వాల్వుల సందు మళ్లీ చూశాను, ఎగ్జాస్ట్‌లో రెండు బిగిస్తే సరిచేశాను. గేర్‌బాక్స్ తోక దగ్గర మాత్రం రాత్రికో చుక్క పడుతోంది. ఆ సీలు మార్చాలంటే డ్రైవ్ షాఫ్టు దించాలి. ఈసారి సంచీ, రబ్బరు బ్యాండూ ముందే తీసి టూల్‌బాక్స్‌లో మేకు పక్కన పెట్టుకున్నాను.